కాక వీపు మీది ఇంజను

అప్పట్లో నాకు నా చెవుల మీద ఉన్నంత నమ్మకం వేములవాడ రాజన్న మీద కూడా ఉండేది కాదు. కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణం పైఅంతస్తులో మా ఆఫీసు. ఆఫీసంటే నాలుగు కంప్యూటర్లు, మా సారు, నేను, ఇంకో ఇద్దరు. కంప్యూటర్ ముందు కూర్చుని విమానం నడిపే సిమ్యులేటర్లుంటాయి కదా, వాటిలోని విమానాలకు చప్పుళ్లు తయారు చేయడం మా పని. (ఒకసారి పెళ్లిచూపుల్లో ఈ ఉద్యోగం గురించి అరగంట వివరించాను. పిల్ల మేనత్త అంతా విని, "అంటే పిలగాడు సప్పుడు చేస్తడన్నట్టు" అని తేల్చేసింది. ఆ సంబంధం అక్కడితో సరి.) అందులో ప్రతి చప్పుడుకీ విమానంలో ఒక చోటుంటుంది. నడుమ నుంచి ముందుకు ఇన్ని మీటర్లు, వెనక్కి ఇన్ని మీటర్లు అని అంకె వేస్తే చప్పుడు అక్కడి నుంచి వినిపిస్తుంది. నేను అప్పటిదాకా చేసినవన్నీ ముక్కున ఇంజనున్న విమానాలు. అందుకే ప్రొపెల్లర్ వెనక ఉండే చిన్న విమానమొకటి వచ్చినప్పుడు సారు అది నా ఒక్కడి చేతికే ఇస్తే, నా చెవులకు ఇన్నాళ్లకు తగిన గౌరవం దొరికిందనుకున్నాను.

చేసిందేమిటంటే, పాత విమానం ఫైలు తెచ్చి పేరు మార్చాను. అంకె మార్చడం మరిచిపోయాను. సారు తెరిచి చూస్తే ప్రొపెల్లర్ తోక దగ్గర గిర్రున తిరుగుతోంది, రొద ముక్కులోంచి వస్తోంది. "ఏమయ్యా, ఫంకా గాడ తిరుగుతుంటే గాలి గీడికెల్లి వస్తుందా?" అన్నాడు. పౌరుషమొచ్చి ఇంజనును వెనక్కి తోశాను. ఎంత తోశానంటే, విమానం పొడవే అయిదు మీటర్లయితే ఇంజను పన్నెండు మీటర్ల వెనక పడింది. ఈసారి సారు హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూశాడు. "ఇంజన్ మనదేనా, ఎన్కంగ వచ్చేటోనిదా?" అనడిగాడు. మిగతా ఇద్దరూ టీ తాగుతూ నవ్వారు. సోమవారానికల్లా సరిచేస్తానని చెప్పి ఆ శనివారం ఊరి బస్సెక్కాను.

మాది ఆదిలాబాద్ పక్కన పత్తి పండే ఊరు. మా బాపు తమ్ముడు, అంటే మా కాక, చుట్టుపక్కల చేన్లకు మందు కొట్టడానికి వెళ్లేవాడు. వీపుకు తగిలించుకునే పెట్రోలు ఇంజను పంపు ఆయనది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంజను పొద్దంతా ఆయన మెడ వెనకే మోగుతోంది. వెనక ఇంజనున్న మనిషి మా ఇంట్లోనే ఉన్నాడని బస్సులో తట్టగానే నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంట్లో కాకంటే అందరికీ వేళాకోళమే. ఏం చెప్పినా "ఆఁ?" అంటాడు. "చెవిటోని ముందట శంఖమూదినట్టే గీనితోని. బువ్వ తిందాం రమ్మంటె మాత్రం ఇనవడ్తది" అనేది మా అవ్వ. అందరికన్నా గట్టిగా నవ్వేవాణ్ని నేను.

పొద్దున్నే మైకు పట్టుకుని చేను గట్టుకు పోయాం. కాక తానం చేసి, తెల్లంగి తొడిగి, తల దువ్వుకుని, ఆ పైన పంపు తగిలించుకుని వచ్చాడు. మా వైపు మైకు గానీ కెమెరా గానీ కనిపిస్తే మనిషి దానికి ఎదురుగా నిటారుగా నిలబడతాడు, అది మర్యాద. నేనూ ఆ ఊరివాణ్నే కనక "గిటు సూడు కాకా" అన్నాను. కాక ఇటే చూశాడు. అలా పావుగంట రికార్డు చేశాక గుర్తొచ్చింది, మైకుకూ ఇంజనుకూ నడుమ కాక బొజ్జ ఉందని. పైగా మధ్యలో ఆయన ఇంజను మించిపోయేలా గొంతెత్తి, తన పేరు, ఊరు, ఎన్నెకరాలకు మందు కొట్టిందీ చెప్పి, అందరికీ నమస్తే పెట్టాడు. రెండోసారి వెనక్కి తిప్పి నిలబెడితే చిన్నబుచ్చుకున్నాడు. "గిదేందిరా, మొకం వద్దా?" అన్నాడు.

మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌లో నా పన్నెండు మీటర్ల విమానాన్ని వినిపించాను. కాక హెడ్‌ఫోన్ పెట్టుకుని "ఆఁ?" అన్నాడు. చప్పుడు పెంచాను. ఇంకా పెంచమన్నాడు. పక్కన కూర్చున్న నాకు కూడా వినిపిస్తోంది. "చెవులు పోతయి కాకా" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. "గిట్ల కాదురా. నీ ఇంజన్ యాడనో దూరం పోయింది. ఎన్కున్న ఇంజన్ వీపుకే ఉంటది. పొద్దంత మోసినంక చెవులేం ఇంటయిరా, వీపే ఇంటది" అన్నాడు. తర్వాత హెడ్‌ఫోన్ తీసి చేతిలో పెడుతూ, "మంచిగ చేసినంక నాకొకసారి ఇనిపియ్యి. జర జల్దిన" అన్నాడు. నేను సరేనన్నాను.

సోమవారం ఇంజనును సీటు వెనక్కి జరిపాను, దాని కీచును తగ్గించాను, కాక పంపు రికార్డింగులోంచి సన్నటి అదురు ఒకటి తీసి సీటుకే కట్టాను. సారు కళ్లు మూసుకుని విన్నాడు, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. "ఎట్ల తట్టిందయ్యా నీకు?" అన్నాడు. "గట్లనే తట్టింది సార్" అన్నాను. చేన్లకు మందు కొట్టే మా కాక చెప్పాడంటే నా పరువేం కావాలి? పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నేను ఆ మందు తాగి బాగుపడి, చెట్టు సంగతే దాచాను. ఆ అబద్ధం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కాక ఫోన్ చేసినప్పుడల్లా "అయిందా? ఇనిపిస్తవా?" అని అరిచేవాడు. "గంత గట్టిగ ఒర్రకు కాకా, ఇనవడ్తుంది" అనేవాణ్ని. నాకు వినపడుతోంది, నిజమే. మనిషి ఎందుకంత గట్టిగా అరుస్తున్నాడో మాత్రం చప్పుళ్ల మీద బతికే నాకు తట్టలేదు. వస్తా వస్తా అంటూ మూడు పత్తి పంటలు దాటించాను. ఒకరోజు రోడ్డు మీద వెనక నుంచి వచ్చిన జీపు హారన్ వినపడక కాక కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు చూసిన డాక్టరే చెవులూ చూపించమన్నాడట. రెండూ దాదాపు పోయాయి, ఏళ్ల తరబడి ఆ పంపు రొదకే పోయాయి అన్నారు. అవ్వ ఫోన్లో ఆ మాట చెప్పినప్పుడు నాకు "వీపే ఇంటది" అన్న మాట గుర్తొచ్చింది. ఆ రోజు కాక చెప్పింది విమానం గురించి కాదు.

మర్నాడే ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. కాక కట్టు కాలు స్టూలు మీద పెట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. హెడ్‌ఫోన్ పెడితే సంబరంగా కళ్లు మూసుకున్నాడు. కాసేపుండి తలూపాడు. "మంచిగున్నదిరా. ఇంజన్ ఎన్కనే ఉన్నది. గట్లనే ఉంటది" అన్నాడు.

నేనింకా మీట నొక్కలేదు.

హెడ్‌ఫోన్ తీసేసి, సంచిలోని స్పీకరు డబ్బాను కుర్చీ వెనక ఆయన వీపుకు ఆనించి పెట్టి అప్పుడు నొక్కాను. కుర్చీ సన్నగా అదిరింది. కాక చటుక్కున కళ్లు తెరిచాడు, దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా నవ్వాడు. "గిప్పుడు స్టార్టయిందా? మరి ముందుగాల చెప్పద్దారా!" అన్నాడు. విమానం దిగేదాకా ఆ కుర్చీలో వెనక్కి వాలి, కదలకుండా కూర్చున్నాడు.

ఆ విమానాన్ని ఇప్పటికీ ఎక్కడెక్కడివాళ్లో నడుపుతున్నారు. ఇంజను అచ్చం వీపు వెనకే ఉన్నట్టుందని మెచ్చుకుంటూ రాస్తారు. తన చెవులను అంతగా నమ్ముకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను, తర్వాత ఊరికి పోయినప్పుడు ఆ ఉత్తరాలు కాకకు చదివి వినిపిస్తాను. "ఆఁ?" అంటాడు. ఆయన చెవి పక్కకు జరిగి, ఇంకొంచెం గట్టిగా మళ్లీ చదువుతాను.