ముసలి డాక్టరు ఫైలుకు పడిన కోత

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా ఇంట్లో ఎవరైనా ఆ మాట ఎత్తితే ముందు నవ్వేది నేనే. పొద్దంతా రోగాల గురించి వినీ వినీ, మనిషి కష్టపడటానికి ప్రత్యేకంగా దయ్యాలు అవసరం లేదని అర్థమైపోయింది. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. చెప్పాలంటే ముందు నా పని ఏమిటో, దానికి పైసలు ఎట్లా వస్తాయో చెప్పాలి. అది తెలియకపోతే నాకు జరిగింది ఎందుకు వింతో అర్థం కాదు.

నేను మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేస్తాను. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక రిపోర్టును నోటితో చెప్పి రికార్డు చేసి వదిలేస్తారు. మాలాంటి వాళ్లం ఇక్కడ హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, దాన్ని టైపు చేస్తాం. మొదట్లో హైదరాబాద్‌లో ఆఫీసుకు వెళ్లేదాన్ని. కరోనా వచ్చినప్పుడు ఇంటి నుంచి చేయమన్నారు, మళ్లీ రమ్మనలేదు. ఇప్పుడు చిట్యాలలో కిరాయి ఇల్లు, వంటింటి పక్కన ఒక బల్ల, అదే నా ఆఫీసు. మా ఆయన ఇక్కడే పురుగుమందుల దుకాణంలో పని చేస్తాడు.

మాకు నెల జీతం ఉండదు, లైను లెక్క. లైను అంటే కాగితం మీద కనపడే లైను కాదు. ఖాళీలతో కలిపి అరవై ఐదు అక్షరాలైతే ఒక లైను. అక్కడి ఆసుపత్రి వాళ్లు కంపెనీకి లైనుకు ఇంత అని డాలర్ల లెక్కన కడతారు, కంపెనీ మాకు పైసల లెక్కన ఇస్తుంది. దారిలో ఎవరెవరు కూర్చున్నారో మాకు తెలియదు. మాటకూ మాటకూ మధ్య వదిలే ఖాళీకి లెక్క ఉంది గానీ, డాక్టరు దగ్గుతూ, కాగితాలు తిరగేస్తూ నోరు మూసుకున్న సేపటికి లెక్క లేదు. ఆయన ఆలోచించుకునే దాకా మనం చెవులు రిక్కించి ఊరికే కూర్చోవాలి.

ఈ మధ్య ఇంకో తిప్పలు వచ్చింది. మిషనే డాక్టరు మాట విని ముందొక చిత్తుప్రతి రాసేస్తుంది. దాన్ని దిద్దడం మా పని, దిద్దుడుకు సగం రేటు. మిషను చేసిన తప్పులు ఏరి సరిచేసేసరికి మొత్తం రాసినంత పనే అవుతుంది. నెలాఖరుకు బిల్లు చూసుకుంటే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఉంటుంది.

పైగా కోతలు. వినపడని మాట దగ్గర ఖాళీ వదిలి, పైవాళ్లు చూడటానికి గుర్తు పెట్టాలి. ఖాళీలు ఎక్కువైతే కోత, తప్పులకు కోత. అన్నిటికన్నా పెద్ద తప్పు డాక్టరు చెప్పనిది రాయడం. ఒకసారి చేస్తే ఆ ఫైలుకు సున్నా, కొన్ని నెలలు కింది రేటు. రెండోసారి చేస్తే పని పోయినట్టే. రోగి ప్రాణం మీదికి వచ్చే విషయం కాబట్టి ఆ ఒక్క రూలు న్యాయమైందేనని నేను కూడా ఒప్పుకుంటాను.

మా బాపు రామన్నపేట దగ్గర మా ఊళ్లో చీరలు నేస్తాడు. గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, అంచున కూర్చుని, కింద కాళ్లతో తొక్కుతూ పైన చేతులతో నేయాలి. ఆయనకూ చీర లెక్కే, నేతలో తప్పు పోతే నూలిచ్చి నేయించుకునే సేటు కూడా కోస్తాడు. డాక్టరు మాటను ఆపడానికీ నడపడానికీ నా కాలి కింద కూడా ఒక పెడల్ ఉంటుంది. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు అది చూసి బాపు తెగ సంబరపడ్డాడు.

"నీది గూడ మగ్గమే గద బిడ్డా. పొద్దటి సంది తొక్కుతున్నవు, ఎన్ని గజాలైనయ్?"

మేము ముసలి డాక్టరు అని పిలుచుకునే ఒకాయన ఉన్నాడు. పేరు తెలుసు గానీ చెప్పకూడదు. లోగొంతుకతో, మాటకూ మాటకూ మధ్య నిట్టూరుస్తూ చెప్తాడు. మిషనుకు ఆయన మాట పట్టదు కాబట్టి ఆయన ఫైళ్లు పూర్తి రేటుకు మాకే వస్తాయి. కానీ ఆయనవి రెండు ఫైళ్లు చేసే టైములో వేరేవాళ్లవి ఐదు అయిపోతాయి. అందరూ తప్పించుకుంటారు. నేను తీసుకునేదాన్ని. ఓపిక ఉండి కాదు, సగం రేటు చేసీ చేసీ విసుగొచ్చి.

ఆ రోజు మధ్యాహ్నం, అన్నం తిని మళ్లీ బల్ల ముందు కూర్చున్నాను. పక్కింటివాళ్లు కారం దంచుకుంటున్నారు. ముసలి డాక్టరు ఫైలు వచ్చింది. డిశ్చార్జ్ సమ్మరీ, అంటే రోగిని ఇంటికి పంపేటప్పుడు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పే రిపోర్టు. మామూలుగానే మొదలుపెట్టాను. ఈ పనిలో చేతులు ముందు పోతాయి, బుద్ధి వెనకాల నింపాదిగా వస్తుంది. టైపు చేస్తున్నప్పుడు నాకేమీ అనిపించలేదు.

చివర్లో ఆయన మాట మధ్యలోనే తెగిపోయింది. అట్లా అప్పుడప్పుడూ అవుతుంది. పంపే ముందు ఒకసారి మొత్తం చదువుకోవాలి కదా అని పైకి వెళ్లాను.

నేను టైపు చేసింది తెలుగులో చెప్పాలంటే ఇది. రోగి అరవై దాటిన మగమనిషి. సాయంత్రమయ్యేసరికి కాళ్లు వాస్తున్నాయి, ముందు కుడికాలు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు. దగ్గును దుమ్ము వల్ల అనుకున్నాడు. ఊళ్లో గ్యాసు గోళీలు ఇచ్చారు. నేలమట్టంలో కూర్చుని, రెండు కాళ్లూ గుంటలో పెట్టుకుని పని చేస్తాడు. ఈ సంగతి కూతురికి చెప్పలేదు.

గుంట అన్న మాట దగ్గర ఆగిపోయాను. అమెరికాలో గుంటలో కాళ్లు పెట్టుకుని చేసే పని ఏముంటుంది? ఏదో పొరపాటుగా విని ఉంటానని, పైవాళ్లు చూసుకుంటారని గుర్తు పెట్టి ఫైలు పంపేశాను. మళ్లీ వెనక్కి తిప్పి వినలేదు. ఎందుకు వినలేదంటే, భయమేసింది. అంతకన్నా వేరే కారణం చెప్పలేను.

బాపుకు ఫోన్ చేశాను. కుశలం కూడా అడగకుండా, "బాపూ, నీ కాళ్లు వాస్తున్నయా?" అన్నాను.

అవతల మగ్గం చప్పుడు ఆగింది. తర్వాత, "నీకెవలు చెప్పిన్రు?" అన్నాడు.

మా ఆయన దుకాణం నుంచి వచ్చి, తెలిసినవాళ్ల కారు మాట్లాడాడు. వెళ్లేసరికి బాపు మగ్గం దగ్గరే ఉన్నాడు, లేవడానికి గోడ పట్టుకున్నాడు. అమ్మ నాకన్నా ఎక్కువ అదిరిపోయింది. "నాతోటి గూడ అనలే. ఉక్కపోస్తుందని మగ్గం అర్రల పంటుండని అనుకున్న" అంటూ ఏడ్చింది. ఆర్‌ఎంపీ ఇచ్చిన గ్యాసు గోళీలు గూట్లో ఉన్నాయి. కుడికాలు ఎడమకాలి కన్నా లావుగా కనపడింది. వేలితో నొక్కితే అక్కడ సొట్ట పడి అట్లాగే ఉండిపోయింది.

నల్లగొండలో ఒక దవాఖానలో చేర్చాం. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఇంకా ఆలస్యం చేస్తే చేయి దాటిపోయేదన్నారు. ఇప్పుడు కూడా ఏదీ గట్టిగా చెప్పలేమన్నారు. ఐసీయూలో పెట్టారు.

బయట కుర్చీలో కూర్చుని నేను ఒకటే ఆలోచించాను. మా పనిలో డిశ్చార్జ్ సమ్మరీ అని ఒకటుంటుంది, డెత్ సమ్మరీ అని ఒకటుంటుంది. రెండూ ఒకేలా మొదలవుతాయి. వచ్చినప్పుడు ఎట్లా ఉన్నాడు, ఏం పరీక్షలు చేశారు, ఏం మందులిచ్చారు, అంతా ఒకటే. చివరి నాలుగు మాటల్లోనే తేడా. నేను టైపు చేసినదాంట్లో ఆ చివర దగ్గరే మాట తెగిపోయింది. పైన డిశ్చార్జ్ అని ఉంది కదా అని మనసుకు నచ్చజెప్పుకునేదాన్ని. కానీ ఆ పేరు డాక్టరు నొక్కే ఒక నంబరును బట్టి వస్తుంది, తప్పు నంబరు నొక్కేవాళ్లు బోలెడుమంది. పైన డిశ్చార్జ్ అని ఉండి కింద రోగి చనిపోయాడని ముగిసిన ఫైళ్లు నేనే టైపు చేశాను. అమ్మ నా మొహం చూసి, "నీకేమన్న ఎర్కనా బిడ్డా?" అని అడిగింది. నాకేం తెలుసని చెప్పను? తెలియదన్నాను. చదువుకున్నదాన్ని, రోజూ ఇదే పని చేసేదాన్ని, ఆ తెగిపోయిన మాట చివర ఏముందోనని భయపడుతూ ఆ కుర్చీలో కూర్చున్నాను.

బాపు బతికాడు. నెమ్మదిగా నీరు తగ్గింది, వార్డులోకి మార్చారు, తర్వాత ఇంటికి పంపారు. ఇక మగ్గం నేయొద్దన్నారు. కారులో వస్తూ మళ్లీ అదే అడిగాడు, ఎవరు చెప్పారని. డాక్టరు చెప్పాడన్నాను. ఏ డాక్టరు అంటే, అమెరికా డాక్టరు అన్నాను. అంతే, అమెరికాలో నాకు తెలిసిన పెద్ద డాక్టరొకాయన తన ఆరోగ్యం కనుక్కున్నాడని వాడకట్టంతా చెప్పుకున్నాడు. నేను కాదనలేదు.

సెలవు అయిపోయి పనిలోకి వచ్చేసరికి మెయిలు ఉంది. వెంటనే ఫోన్ కూడా వచ్చింది. మా పని చూసే మేడం హైదరాబాద్‌లో ఉంటుంది, మంచిదే, ఎవరి మీదా గొంతెత్తదు.

"అమ్మా, ఆ ఫైల్లో డాక్టర్ రోగి నంబరు, తేదీ చెప్పి ఆగిపోయారు. తర్వాత మాటే లేదు. మిగతాది నువ్వు ఎక్కడ విన్నావు?"

నేను ఆ మెయిలు తెరిచాను.

"ఆయన మళ్లీ మొదటి నుంచి చెప్పి పంపారు. అది మోకాలి ఆపరేషన్. ఆడమనిషి. నువ్వు రాసింది ఆసుపత్రికి పోకముందే మేము ఆపాం కాబట్టి సరిపోయింది. ఒకసారి విని చెప్పు."

ఆ రికార్డింగు పంపింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ముసలి డాక్టరు గొంతే. నంబరు, తేదీ. ఆ తర్వాత కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ఆయన ఊపిరి, ఒక నిట్టూర్పు. మాట లేదు. చివరిదాకా విన్నాను. మా ఆయనకు కూడా వినిపించాను. ఆయనకూ ఏమీ వినపడలేదు.

బాపు నాకు ముందే ఏదైనా చెప్పి ఉంటాడా, నేను మరిచిపోయి ఉంటానా అని చాలా ఆలోచించాను. కాళ్ల వాపు అమ్మకే తెలియదు. గోడకు ఆనుకుని పడుకోవడం ఎవరూ చూడలేదు. ఆయన గొంతు విని అనుమానం పడ్డానేమో అనుకుంటే, ఆ నెలంతా పని ఒత్తిడిలో నేను ఆయనతో సరిగ్గా మాట్లాడిందే లేదు.

కోత పడింది. ఆ ఫైలుకు సున్నా, కింది రేటు. దాంతో కూడా అయిపోలేదు. చెప్పనిది ఎందుకు రాశావో లిఖితపూర్వకంగా వివరణ ఇవ్వాలి, అది నచ్చకపోతే పని తీసేస్తారు. దవాఖాన అప్పు ఉంది, బాపు మందులున్నాయి, ఇప్పుడు ఆయన మగ్గం కూడా ఆగిపోయింది. వివరణ రాయడానికి కూర్చుంటే ఒక్క మాట రాలేదు. మా ఆయన పక్కన నిలబడి చూశాడు.

"నిద్రల రాసిన అని పెట్టు. ఉన్నది ఉన్నట్టు రాస్తే నీకు తలకాయ ఖరాబైందంటరు."

అట్లాగే రాశాను. ఇంట్లో రోగి ఉండటం వల్ల సరైన నిద్ర లేక, మగతలో, మా నాన్న లక్షణాలను పొరపాటున ఫైలులో టైపు చేశానని, మళ్లీ ఇట్లా జరగదని. మేడం జాలిపడింది. పైవాళ్లు ఒప్పుకున్నారు. పని నిలిచింది.

కాబట్టి జరిగినదానికి వివరణ లేదని కాదు. ఉంది. కంపెనీ దగ్గర నా పేరుతో భద్రంగా ఉంది, చదివినవాళ్లందరూ నమ్మారు. నమ్మనిదాన్ని నేనొక్కదాన్నే. ఆ ఫైలు టైపు చేసేనాటికి మా బాపు రోగి అన్న సంగతే నాకు తెలియదు.