నేలఉసిరి పసరు

మా పైవాటాలో ఉండిన సాఫ్ట్‌వేర్ అబ్బాయిని తలచుకుంటే, ముక్కు మూసుకుని గ్లాసెడు పసరు ఒక్క గుక్కలో తాగే మనిషే కళ్లముందు మెదులుతాడు.

రాత్రీ పగలూ పనిచేయడానికని మెత్ అనే మత్తుమందు మొదలుపెట్టాడు. ఆఫీసువాళ్లు అతని చురుకుదనానికి అవార్డు కూడా ఇచ్చారు. చివరికి చిక్కి సగమై, తనే అడిగి అల్వాల్ అవతల ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో చేరాడు. విజయనగరం నుంచి వచ్చిన వాళ్లమ్మ మాత్రం పద్మారావు నగర్ అంతా "మావోడికి పచ్చకామెర్లండీ" అని చెప్పుకొచ్చింది.

కామెర్లంటే మా వీధిలో ప్రతివాడూ డాక్టరే. అతను తిరిగొచ్చిన రోజు నుంచి ఒకరు చెరకురసం, ఒకరు ఉప్పులేని మజ్జిగన్నం తెచ్చారు. మిర్చిబజ్జీల బండివాడు "పథ్యం గద అన్నా" అంటూ బజ్జీలు ఇవ్వనన్నాడు. ఎదురింటావిడ రోజూ పొద్దున్నే నేలఉసిరి పసరు తెచ్చి, తాగేదాకా మెట్ల దగ్గరే నిలబడేది. మత్తుమందు నాటి పాత స్నేహితులు వచ్చినా ఆమెను దాటి పైకెక్కలేకపోయారు. అతను ముక్కు మూసుకుని తాగి, "తగ్గుతోంది ఆంటీ" అనేవాడు. నిజంగానే తగ్గింది.

ఒకరోజు ఆమె గ్లాసు చేతికిచ్చి గొంతు తగ్గించింది.

"మా చిన్నోనికి సుత గవే కామెర్లు, బిడ్డా. నువ్వు పోయొచ్చిన సెంటర్ ఏడుందో జెర చెప్పు."

అతను ముక్కు వదిలేశాడు. "మీకు ముందే తెలుసా ఆంటీ? మరి ఇన్నాళ్లూ ఈ చేదెందుకు తాగించారు?"

"మీ అమ్మ కామెర్లన్నది. చెప్పిన రోగానికి మందియ్యకుంటే బాగుంటదా?"