దారం లేకుండా నడిచిన మిషన్

నిన్న ఆగస్టు ఆరు, బుధవారం. పొద్దున్నే మొదటి వింత, నాన్న పడుకోకపోవడం. గనిలో రాత్రి షిఫ్టు దిగి వచ్చాక స్నానం చేసి మాట్లాడకుండా మంచమెక్కే మనిషి, బూట్లు కూడా విప్పకుండా గడపలో కూర్చున్నాడు. నన్ను చూసి, "మీ టైలర్ ఖాలా పోయింది బిడ్డా. నమాజుకు లేచిందట. గట్లనే కూలబడిందట" అన్నాడు.

మణుగూరులో మా బొగ్గు గనుల కాలనీ మార్కెట్‌లో ఆమెది చివరి దుకాణం. చిన్నా పెద్దా అందరికీ ఆమె ఖాలానే, అంటే పిన్నమ్మే. ఇక్కడ సగం మంది పెళ్లి జాకెట్లు ఆమె కుట్టినవే. ఆ సంగతి ఎవరైనా రాస్తారు. నేను రాయాల్సింది వేరే ఉంది. కోపంగా ఉన్నాను కాబట్టి తిన్నగా రాస్తాను.

నాకు మనుషులంటే భయం. క్లాసులో పేరు పిలిస్తే గొంతు మూసుకుపోతుంది. షేర్ ఆటోలో 'ఇక్కడ ఆపండి' అనలేక, ఎక్కడో దిగి వెనక్కి నడిచి వచ్చేదాన్ని. ఖమ్మంలో ఒక డాక్టరు చూసి, ఇది నయమయ్యేదేనని, వారం వారం కౌన్సెలింగ్ కావాలని చెప్పాడు. అంత దూరం బస్సులో, ఆ జనంలో, వెళ్లలేకనే కదా జబ్బు! అందుకని ఫోన్‌లోనే, వీడియోలో, హైదరాబాదులో ఉండే ఒక మేడంతో ఏర్పాటైంది. మొదట్లో నేను కెమెరా కూడా తెరిచేదాన్ని కాదు. మేడం అడిగితే టైపు చేసేదాన్ని. అమ్మానాన్నలు ఒప్పుకున్నారు గానీ బయట చెప్పొద్దన్నారు. "పిచ్చి అంటరు" అంది అమ్మ.

మా క్వార్టర్‌లో ఉన్నవి రెండు గదులు. పగలు ఒకదాంట్లో నాన్న నిద్రపోతాడు. రెండోదాని గోడకు అవతల పక్కింటి అత్త. ఒక శనివారం నేను ఖాలా దుకాణంలో ఉండగా మేడం ఫోన్ చేసింది. సమయం ముందుకు జరిపిన సంగతి మరిచిపోయాను. మోగుతున్న ఫోన్ పట్టుకుని నిలబడిపోయాను.

"ఏంది బేటీ, గట్ల వణుకుతున్నవ్? ఎవరది?"

"కౌన్సెలింగ్ మేడం. నా భయానికి."

ఎవరికీ చెప్పొద్దన్న మాట అలా బయటికి వచ్చేసింది. ఖాలా కొలతలు తీసే మూలకు కట్టిన పర్దా పక్కకు లాగింది. "పో, లోపల కూసోని మాట్లాడు. ఆగాగు." మిషన్ సూదిలోంచి దారం లాగేసి, కింద పడ్డ గుడ్డ పీలిక ఒకటి సూది కింద పెట్టింది. "నా నోరు మంచిది కాదని కాలనీ అంత తెల్సు. ఇన్ననంటే ఆపుకోలేను. ఇనకపోతే ఏం చెప్త?"

"దారం ఎందుకు తీసినవ్ ఖాలా?"

"చప్పుడుకు దారం ఎందుకే, దండగ!"

తొక్కడం మొదలుపెట్టింది. పర్దా వెనక నేను కెమెరా తెరిచాను. మేడం కాసేపు విని, "అక్కడ వాన పడుతోందా?" అంది.

"కాదు మేడం. ఖాలా."

కొత్త మనిషి ముందు నేను నవ్వడం అదే మొదటిసారి.

ఆ తర్వాత ప్రతి శనివారం అంతే. మోకాళ్ల నొప్పితో ఆమె, నేను బయటికొచ్చేదాకా తొక్కేది. ఏం మాట్లాడావని ఒక్కనాడూ అడగలేదు. దుకాణంలో ఏదైనా వస్తువు ధర అడిగి రమ్మని మేడం నాకు పని చెప్పినప్పుడు, పర్దా దాటి రాగానే ఖాలానే అడిగాను. "ఈ గుండీలెంత?"

"యా అల్లా! పిల్లకు గొంతుంది!" అని చప్పట్లు కొట్టింది. "చెప్పను పో. ముందు బేరమాడు."

ఇదంతా బయటి నుంచి ఎలా కనబడిందో మా ఇద్దరికీ తట్టలేదు. పర్దా మూసి ఉంటుంది. మిషన్ నడుస్తుంటుంది. సూదిలో దారం ఉండదు. జాకెట్ కోసం వచ్చిన ఒకామె అది చూసింది. ఇంకేముంది, లోపల నేను ఎవడో పోరనితో మాట్లాడుతున్నానని, ఖాలా కాపలా కాస్తోందని తేల్చేశారు. ఒక్కొక్కరే బట్టలు వేరే టైలర్‌కు ఇచ్చారు. ఒకామె మొహం మీదే అడిగింది, "ఆ పోరి లోపల ఏం చేస్తది ఖాలా?" అని. పర్దా వెనక నాకు వినబడింది.

"నీ జాకెట్ చేతులు పొట్టిగ పెట్టాల్నా, పొడుగు పెట్టాల్నా? గది చెప్పు" అంది ఖాలా.

లోకంలో సంగతులన్నీ చెప్పిన నోరు అది. నా ఒక్క సంగతి చెప్పలేదు.

నిన్ననే అమ్మతో కలిసి ఆమె ఇంటికి వెళ్లాను. వాకిట్లో జనం. గేటు దగ్గరే నా కాళ్లు ఆగిపోయాయి. అక్కడ నిలబడ్డ ఆడవాళ్లలో పక్కింటి అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "బంగారమసొంటి మనిషి. ఆడపిల్లలను పాడు చేసుడు ఒక్కటి లేకుంటే" అంది. ఇంకొకామె "అవ్" అంది. అమ్మ విన్నది. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

'పరామర్శ' అనే మాట నాకు ఇష్టంగా ఉండేది. పరామర్శకు వచ్చినవాళ్లు చేసిన పని చూశాక ఆ మాట రాయాలంటేనే ఒళ్లు మండుతోంది. వాళ్ల మీద కోపం. నా భయం కంటే పరువు పోవడమే పెద్ద జబ్బనుకునే మా ఇంటి మీద కోపం. నేను బాగుపడటానికి ఆమె పేరు పాడైంది. అది నిజమని తెలిసీ తెరుచుకోని ఈ గొంతు మీద అన్నిటికన్నా ఎక్కువ కోపం.

ఇవాళ గురువారం. మేడంను నేనే అడిగి మాట్లాడాను, ఇంటి వెనక గోడ పక్కన నిలబడి. ఫోన్ ఎత్తగానే, "ఇవాళ మీ వాన లేదే?" అంది. ఖాలా పోయిందని, వాకిట్లో అన్న మాటతో సహా చెప్పాను. రేపు ఆ ఆడవాళ్ల ముందే నిజం చెప్పాలని ఉందన్నాను. ఎంత మాట్లాడాలనుకుంటున్నావని మేడం అడిగింది. "ఒక్క వాక్యం" అన్నాను.

ఆ వాక్యం అమ్మ ముందు అని చూశాను. "రేపు నిన్ను ఎవరన్న పిచ్చిదంటే?" అంది.

"అననీ అమ్మా. ఖాలాను అంటే ఊకున్నం కదా."

 అమ్మ లేచి, రేపటికని నా తెల్ల చున్నీ ఉతికి ఆరేసింది.

రేపు మూడో రోజు, పోయినవాళ్ల కోసం ప్రార్థన చేసే జియారత్. ఆడవాళ్లంతా ఆ ఇంటికి వస్తారు. ఆమె సూది కింద నలిగిన పీలిక ఒకటి నా దగ్గర ఉంది, పచ్చ రంగుది. దారం పోగు లేదు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా సన్నటి బెజ్జాలు, వరస తప్పకుండా. పొద్దున్నే దాన్ని పిడికిట్లో పట్టుకుని, గేటు దగ్గర ఆగకుండా, పక్కింటి అత్త కూర్చున్న చోటికే వెళ్తాను. "పర్దా వెనక నేను మాట్లాడింది నా భయానికి మందు చెప్పే మేడంతోని" అంటాను.