ఫిజియోథెరపీ చదవాలా అని భద్రాచలం వెళ్లొచ్చాను

శనివారం పొద్దున ఆరున్నరకు ఖమ్మం బస్టాండులో భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. వెళ్లింది రాములవారి దర్శనానికి కాదు. ఆయన ఏమీ అనుకోడన్న ధైర్యంతో నిజం చెబుతున్నాను. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ కాలేజీలో చేరి ఫిజియోథెరపీ చదవాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి వెళ్లాను. సీటు వచ్చింది. చేరేదీ లేనిదీ సోమవారం చెప్పాలి.

నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తాను. నా కుర్చీకి ఎదురుగానే ఫిజియోథెరపీ గది. చక్రాల కుర్చీలో లోపలికి వెళ్లినవాళ్లు కొన్నాళ్లకు గోడ పట్టుకుని నడుస్తూ బయటికి వస్తుంటారు. అది చూసినప్పుడల్లా, నేనుండాల్సింది ఆ తలుపుకి అవతల కదా అని ప్రాణం కొట్టుకుంటుంది. అటే చూస్తూ బిల్లు తప్పు కొట్టి తిట్లు తిన్న రోజులు కూడా ఉన్నాయి. ఇంటర్‌లో బైపీసీ చదివి, ఎంబీబీఎస్ రాలేదని అలిగి, ఏదో ఒక డిగ్రీ చేసి ఈ కుర్చీలో పడ్డాను.

అమ్మతో చెబితే, "కరెంటు పెట్టే డాక్టరా? దానికి నాలుగున్నరేళ్లు చదవాల్నా?" అంది. నా జీతం ఆగిపోతే ఇల్లు ఎలా నడుస్తుందన్నది ఆమె అసలు భయం. రెండు వారాలు వాదించుకున్నాం. చివరికి, "పోయి దగ్గరుండి చూసి రా. మోజు తీరుద్ది" అని తనే బ్యాగు సర్దింది.

బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. టికెట్ ఊరికే వస్తుంది కానీ సీటు రాదు. కిటికీలోంచి కర్చీఫు వేసుకోవడం వచ్చినవాళ్లే ఈ దారిలో కూర్చుని వెళ్తారు. నా కర్చీఫు మీద అప్పటికే ఒక పెద్దాయన కూర్చున్నాడు. "పిల్లవు, నిలబడగలుగుతవు గద బిడ్డా" అని నవ్వాడు. ఏన్కూరులో ఎవరో దిగితే కూర్చున్నాను. జూలూరుపాడు దగ్గర రోడ్డుకి రెండు వైపులా పత్తి పగులుతోంది. కొత్తగూడెంలో బస్సు పది నిమిషాలు ఆగింది. ఇడ్లీ చల్లగా, టీ మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. పాల్వంచ దాటాక అడవి మొదలయింది. గోదావరి వంతెన మీదికి రాగానే బస్సంతా ఒక్కసారి దండం పెట్టింది. ఏ పక్క కూర్చున్నా నది కనిపిస్తుంది కాబట్టి వెళ్లేవాళ్లు సీటు కోసం అంత కొట్టుకోనక్కర్లేదు.

పది దాటాక దిగేసరికి శ్రావణి స్కూటీ మీద సిద్ధంగా ఉంది. ఇంటర్‌లో నా పక్క బెంచీ. ఆమె అప్పుడే ఫిజియోథెరపీలో చేరిపోయింది. ఇప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున దుమ్ముగూడెం దారిలో అడవి అంచు ఊళ్లు తిరుగుతూ, దవాఖానా దాకా రాలేనివాళ్లకు ఇళ్ల దగ్గరే వైద్యం చేస్తుంది. ఆమె కిరాయి గదిలోనే నా బస. అన్నం, పప్పుచారు తిని మధ్యాహ్నం బయల్దేరాం.

"ముందే చెప్తున్న," అంది శ్రావణి బండి నడుపుతూ. "జీతం తక్కువ. అందరు మసాజ్ పిల్ల అంటరు. నెలలు నెలలు చేస్తే ఒక వేలు లేస్తది. ఇవన్నీ చూసినంక నీ ఇష్టం."

టేకు చెట్ల మధ్య మట్టిదారిలో కొంత దూరం వెళ్లాక నర్సయ్య తాత ఇల్లు వచ్చింది. ఎండాకాలంలో పక్షవాతం వచ్చి ఆయనకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కాలు కొంచెం తేరుకుంది, కర్రతో నడుస్తున్నాడు. చెయ్యి మాత్రం వేళ్లు ముడుచుకుపోయి ఒళ్లోనే ఉంటోంది. ఎడమ చెయ్యి బాగానే ఉన్నా నలుగురి ముందు దానితో తినడు, ఎవరికీ ఏదీ ఇవ్వడు, తీసుకోడు. ఎడమ చేత్తో ఇస్తే అవమానించినట్టు కదా! అందుకే మూడు పూటలా ఆయన భార్య, అవ్వే తినిపిస్తోంది. ఎవరైనా వస్తే తాత మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటాడట.

శ్రావణి ఆయన భుజం నుంచి వేళ్ల దాకా ఒక్కో కీలూ మెల్లగా కదిపింది. అరగంట గడిచేసరికి తాతకు చెమటలు పట్టాయి. అవ్వ గ్లాసుతో నీళ్లు తెచ్చింది. దగ్గరగా ఉన్నాను కదా అని నేనే అందుకుని తాతకు ఇవ్వబోయాను. ఆయన ఎడమ చెయ్యి ఎత్తి, నన్ను చూసి మళ్లీ దించేశాడు. నాకు జాలి పొంగుకొచ్చి గ్లాసు ఆయన నోటికి పట్టాను. తాత తాగాడు కానీ నా వైపు చూడలేదు.

శ్రావణి నన్ను వాకిట్లోకి పిలిచింది. "ఏంది నువ్వు చేసింది? నీకు చేతగాదని ఆయన మొకం మీద చెప్పినట్టయింది. నీకు జాలి జల్దీ వస్తది. ఈ పనికి గదే అడ్డం."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నేను ఇన్నాళ్లూ నాకున్న పెద్ద అర్హత జాలే అనుకున్నాను.

మేం బయల్దేరుతుంటే అవ్వ బుట్టలోంచి సీతాఫలాలు తీసి నాకివ్వబోయింది. శ్రావణి ఆపింది. "నువ్వియ్యకు అవ్వా. తాతనే ఇయ్యనియ్యి."

"ఇంటికొచ్చిన ఆడపిల్లకు ఎడమ చేత్తోటి ఎట్లిస్త బిడ్డా?" అన్నాడు తాత.

"ఎడమ చేత్తోటి వద్దు. పెద్దోళ్లకు ఇచ్చేటప్పుడు కుడి చేత్తో ఇచ్చుకుంట ఎడమ చెయ్యి కింద పట్టుకోవా? గట్ల ఇయ్యి. గది మర్యాదనే గద?"

తాత తన కుడి చెయ్యి వైపు చూసుకున్నాడు. "అవ్, మర్యాదనే," అన్నాడు.

శ్రావణి ఆయన ముడుచుకున్న వేళ్లు విప్పి, పండు పెట్టి మూసింది. తాత ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని పైకెత్తాడు. మొదటి పండు జారి నేల మీద పగిలింది. అవ్వ ఇంకొకటి ఇచ్చింది. నేను రెండు చేతులూ చాచాను. "ముందుకు జరగకు. ఆయననే రానియ్యి," అంది శ్రావణి. తాత చెయ్యి వణుకుతూ జానెడు దూరం వచ్చి ఆగింది, మళ్లీ కదిలింది. ఇంత చిన్న దూరంలో ఊరుకోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. చివరికి పండు నా దోసిట్లోకి వచ్చింది, కానీ ఆయన వేళ్లు దాన్ని వదలడం లేదు.

"పట్టుడు కంటె ఇడుసుడే కష్టం, ఆగు," అని మెల్లగా చెప్పింది శ్రావణి.

ఒక్క లాగు లాగితే పండు నాది. లాగలేదు. బొటనవేలు ముందు విడింది, తర్వాత మిగతావి. తాత ఎగశ్వాసతో, "తీస్కో బిడ్డా," అని నా మొహంలోకి చూశాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్రావణిని చూస్తే నాకు అసూయ కలిగింది. ఇలాంటి రోజులు ఆమెకు ఎన్నో ఉండి ఉంటాయి. నాకు ఒక్కటీ లేదు. ఇంటర్ తర్వాత ఆమె గడిపిన ఆ పదేళ్లు నాకు కావాలనిపించింది.

ఆదివారం మరో రెండు ఇళ్లు తిరిగి, మధ్యాహ్నం రెండింటి బస్సు ఎక్కాను. ఈసారి కర్చీఫు అవసరం పడలేదు. కొత్తగూడెంలో ఎక్కిన ఒకామె నా పక్కన కూర్చుని, కూరగాయల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, "ఏం చేస్తవమ్మా?" అని అడిగింది.

బిల్లింగ్ కౌంటరని చెప్పడానికే నోరు తెరిచాను. "ఫిజియోథెరపీలో చేరుతున్న. కాళ్లు చేతులు పట్టు తప్పినోళ్లతోటి కసరత్తు చేపిస్తం," అన్నాను. ఇంట్లో ఇంకా చెప్పని మాట ముక్కూ మొహం తెలియనామెకు చెప్పేశాను.

"గట్లనా!" అని ఆమె వెంటనే చీర కొంచెం పైకి జరిపి మోకాలు చూపించింది. "రెండేండ్ల సంది గిట్లనే ఉన్నది. జర చూడు."

"నాకింకా ఏమీ రాదమ్మా. రేపు చేరుతా."

"వచ్చినంక చూడు మరి. మాది జూలూరుపాడే," అంది, నేను వచ్చే వారమే చదువు ముగిస్తానన్నంత ధీమాగా.

జూలూరుపాడులో ఆమె దిగింది. సంచి అందించాను కానీ చెయ్యి పట్టుకోలేదు. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఆగి ఆగి దిగింది. నేను కిటికీలోంచి వంగి ఆ మోకాలినే చూస్తున్నాను. అందులో ఏం చూడాలో నాకు తెలియదు. బస్సు కదిలి ఆమె కనబడకుండా పోయేదాకా, తెలిస్తే ఎంత బాగుండునో అని చూస్తూనే ఉన్నాను.