వేపనూనె పూసిన వైరు

ఆటోనగర్‌లో లారీల వైరింగ్ చేసే శౌరయ్యకి కట్టర్ కంటే పళ్లే అలవాటు. వైరు తొడుగు పంటికింద పట్టి లాగితే రాగి తీగ బయటికొచ్చేస్తుంది. అలా లాగీ లాగీ ముందు పన్ను విరిగింది. దాని చోట పెట్టిన ఇంప్లాంట్ ఎముకలో కుదురుకోకముందే మళ్లీ వైరు కొరికాడు. అదీ ఊడొచ్చింది.

రెండోసారి పటమటలో పళ్ల డాక్టర్ మాధురి, ఎముకలో చేసిన రంధ్రంలో ముందు మందు జెల్ నింపి, అప్పుడు స్క్రూ బిగించింది.

"మీకు షుగర్ ఉంది కదండీ, మానడం ఆలస్యమవుద్ది. అందుకే మందు అక్కడే పెట్టాను. ఈ ట్యూబులోది చిగురుకి మీరు రాసుకోండి. ఈసారీ ఊడిందంటే బిగించడానికి ఎముక మిగలదు."

శౌరయ్య నీరసంగా తలూపాడు.

మర్నాడు మధ్యాహ్నం భార్య హెలెన్ క్యారేజీ తెచ్చేసరికి అతను లారీ డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా ఇరుక్కుని ఉన్నాడు. వైరు పెదాల దగ్గరుంది.

"ఏవయ్యా, నోటికి బుద్ధి లేదా?"

"నోరేం చేసిందే? చెయ్యే తీసుకొచ్చింది." వైరు కిందపడేశాడు. "కట్టర్ కోసం లేచానంటే మళ్లీ ఇందులో దూరలేను. నడుం పడిపోతంది."

హెలెన్ క్యారేజీ పెట్టి, వైరు చుట్టల వైపు ఓసారి చూసి వెళ్లింది. తర్వాతి రోజు మళ్లీ చెయ్యి దాని దారిన అది పోయింది. వైరు పెదవికి తగిలిందో లేదో, నోరంతా చేదు, ముక్కు నిండా కంపు. ఉమ్మేసి ఫోను తీశాడు.

"వైరుకి ఏం పూశావే?"

"వేపనూనె. డాక్టరమ్మ మందు చిగురుకి, నా మందు వైరుకి."

నెలలు గడిచాయి. చిగురుకి జెల్ రాసుకుంటూనే ఉన్నాడు, వైరు వాసనకి మొహం తిప్పుకుంటూనే ఉన్నాడు. చివరికి మాధురి ఎక్స్‌రే చూసి, ఇంప్లాంట్‌ని కదిపి చూసింది. కదల్లేదు.

"గట్టిగా పట్టిందండీ. పైన పన్ను పెట్టేద్దాం."

"ఆ పన్నుతో వైరు..." అని నసిగాడు శౌరయ్య.

"సీసాలో నూనె ఇంకా ఉందండీ," అంది హెలెన్, డాక్టర్ వైపు చూసి.

తిరిగొచ్చేటప్పుడు అతను గట్టి తాడు ఒకటి కొన్నాడు. కట్టర్‌కి కట్టి మెడలో వేసుకున్నాడు, సిలువ పక్కనే. ఇప్పుడు డ్యాష్‌బోర్డు కింద పడుకుంటే అది గెడ్డానికి గుచ్చుకుంటోంది. లేవక్కర్లేదు, అదే చాలు.