క్రాంతికుమార్ రాయనన్న ముక్క

క్రాంతికుమార్‌కి అబద్ధం ఆడటం రాదు. ఫిల్మ్‌నగర్‌లో మా ఆఫీసులో అదొక జబ్బు కింద లెక్క. మా ఓనరు పట్టాభిరామయ్యగారు ఒకప్పుడు సినిమాలు కొని జిల్లాల్లో ఆడించిన మనిషి. ఈగలు తోలుకుంటున్న హాలుకి హౌస్‌ఫుల్ బోర్డు పెట్టించిన అనుభవం ఉంది. ఇప్పుడు జూనియర్ ఆర్టిస్టులకి షూటింగ్ పిలుపులు పంపే యాప్ పెట్టారు. రేపు పని ఉందో లేదో ఇవాళ మధ్యాహ్నం అందులో చూసుకోవాలి. లేనివాళ్ళకి "మీరు ఎంపిక కాలేదు" అని వస్తుంది. వాళ్ళ ఫోన్లెత్తి సమాధానం చెప్పే ఉద్యోగం నాది.

క్రాంతి సర్వర్ చూసుకునేవాడు. కొత్త వెర్షన్ తయారైతే దాన్ని సర్వర్ మీదికి ఎక్కించాలి, అది మొరాయిస్తే ఎందుకో కనిపెట్టాలి. ఎర్రర్ వస్తే అందరూ అడుగున ఉన్న ఆఖరి లైను చదివి గుండెలు బాదుకుంటారు. వాడు మాత్రం పైకి, ఇంకా పైకి పోయి మొట్టమొదట ఎక్కడ చెడిందో చూస్తాడు. తప్పు తనదైతే "అక్కా, నేనే ఖరాబ్ చేసిన" అని నవ్వేస్తాడు. యూసుఫ్‌గూడలో పుట్టాడు. వాళ్ళమ్మ సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలు వేసి వాణ్ణి చదివించింది. అలాంటివాడు ఆ కొంపలో ఎన్నాళ్ళుంటాడు చెప్పండి.

ఈసారి కొత్త వెర్షన్‌కి పట్టాభిరామయ్యగారు ముహూర్తం పెట్టించారు. సినిమావాళ్ళం కదా, సర్వర్‌కీ కొబ్బరికాయ కొట్టాలట. ముందురోజు క్రాంతి బతిమాలాడు.

"సార్, ఒక్కసారి ట్రయల్ ఏసి చూస్త. ఎక్కుతదో లేదో తెల్వాలె గదా."

"ముందే ఎక్కించేస్తే ఇంక ముహూర్తం దేనికయ్యా?" అన్నారాయన, ఏదో జోకు పేల్చినట్టు.

ఆ పొద్దున నేను సీట్లో కూర్చోగానే షేక్‌పేట కొమురమ్మ ఫోన్ చేసింది. ఊరి జనం సీన్లలో ముసలమ్మ వేషాలు వేస్తుంది. మొన్న సెట్లో కాలు జారి పడితే, ఇక నీ వల్ల కాదులే అని ఎవడో కూశాడట. అప్పట్నుంచి దిగులు. "రేపటి పెండ్లి సీనుకు నన్నే తీసుకుంటమని మాటిచ్చిండ్రమ్మా. ఇయ్యాల పిలుపొస్తే ఉంట. రాకుంటే నన్ను వద్దన్నట్టే. మధురానగర్‌ల ఒకరింట్ల బాసండ్లు తోమే పనికి ఒప్పుకుంట" అంది. వస్తుందిలే అన్నాను. ఆమె పేరు అప్పటికే షూటింగ్ వాళ్ళు పంపారు, నేను కళ్ళారా చూశాను.

హాల్లో బంతిపూలు, కెమెరాలు, పెట్టుబడి పెట్టే పెద్దమనుషులు. పంతులుగారు ఊఁ అనగానే క్రాంతి బటన్ నొక్కాడు. పాత వెర్షన్ బుద్ధిగా దిగిపోయింది. కొత్తది లేవలేదు. గోడ మీది తెర నిండా ఎర్ర అక్షరాలు. పెద్దమనుషులకి కాఫీ ఇప్పించే నెపంతో మా ఓనరు వాళ్ళని పక్కగదిలోకి తోలి, వెనక్కి వచ్చారు.

క్రాంతి ఆలోగానే పట్టుకున్నాడు. కొత్త వెర్షన్‌కి కావలసిన ఫైలొకటి ఆ సర్వర్‌లో లేదు. "పాతదాన్నే మళ్ల పెట్టేస్త సార్. మధ్యాహ్నం పిలుపులు పోవాలె. ఫైలు సరిజేసి రేపు ఎక్కిద్దాం."

"ముహూర్తం నాడు వెనక్కి తిప్పుతారటయ్యా? అపశకునం. పొద్దుగూకేదాకా కొత్తదే ఉండనీ."

"అది లేవనే లేదు సార్."

"లేచినట్టు కనపడాలి. అబద్ధమాడితే అతికినట్టుండాలి. ఎవరు తెరిచినా ఎంపిక కాలేదని చూపించు. రోజూ సగం మందికి వచ్చేదే కదా, ఎవడికి తెలుస్తుంది?"

పట్టులాల్చీ, నుదుట కుంకుమ, నోట్లో ఆ మాట. ఆ ముఖాన ఉమ్మేయాలనిపించింది.

క్రాంతి కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. "సర్వర్ చెడిందని రాస్త సార్. తప్పు మనది. వాళ్లు పనికిరారన్నట్టు మాత్రం నేను రాయ. పిలుపు రాకపోతే మా అమ్మ తన మొకమే బాగలేదేమోనని అన్నం ముట్టకపోయేది."

"అయితే బయటికి నడు."

వాడు బ్యాగు తీసుకుని నడిచాడు. పక్కసీటు లాస్య తల వంచుకుని ఆ ముక్క రాసింది. తెర పచ్చబడింది. పెద్దమనుషులు తిరిగొచ్చి చప్పట్లు కొట్టి లడ్డూలు తిన్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దా? యాప్‌లో ఎవరూ వస్తామనకపోయేసరికి షూటింగ్ వాళ్ళు విసిగి, చేతికి దొరికినవాళ్ళని పిలుచుకున్నారు.

మధ్యాహ్నం కొమురమ్మ ఫోను. "అమ్మా, నన్ను వద్దన్నరు గదా."

పట్టాభిరామయ్యగారు ఎదురుగానే ఉన్నారు, పెదాల మీద వేలు పెట్టుకుని. ఛీ, ఆ వేలూ ఆ మనిషీ. నేను గట్టిగానే అన్నాను: "నిన్నెవరూ వద్దనలేదు కొమురమ్మా. చెడింది మా సర్వర్. నీ పేరు నేను చూశాను."



"నువ్వు మంచిదానివి బిడ్డా. నా పానం కష్టపెట్టొద్దని గట్లంటున్నవ్. నా మనవరాలు సదివి చెప్పింది, ఫోన్ల సాఫ్‌గ రాసుంది. మధురానగర్ అమ్మకు రేపట్నుంచి వస్తనని చెప్పేసిన."