బాపమ్మ దండకడియం, నా లావు చెయ్యి

మా అక్క పెళ్లిలో నేను వెలగబెట్టిన నిర్వాకం చెబుతాను వినండి. మీరు నవ్వినా నేనేమీ అనుకోను. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉన్న రోజులవి. మాది కోరుట్ల, పెళ్లికొడుకుది జగిత్యాల. నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఏదో వారపత్రికలో రెండు పేజీలు చదివి, ఇంటిల్లిపాదికీ ఫ్యాషన్ మంత్రినైపోయాను. ఈ ఏడు పెళ్లిళ్లలో గులాబీ రంగే నడుస్తోందని తీర్మానించి, ఆడవాళ్లందరికీ సిరిసిల్ల నుంచి అదే రంగు చీరలు తెప్పించాను. ఎటు చూసినా గులాబీ జెండాలే ఉన్న ఊళ్లో మేం పదిమందిమి బయటికొస్తే పెళ్లివాళ్లమో ఊరేగింపువాళ్లమో తెలిసేది కాదు.

అంతటితో ఆగానా? ఇప్పుడు పాత నగలే కొత్త ఫ్యాషన్ అని అక్క చెవిలో పోరి, బాపమ్మ పెట్టెలోంచి దండకడియాల జత తీయించాను. బాపమ్మంటే మా నాన్నమ్మ. అవి ఆమె పెళ్లినాటి గట్టి బంగారు కడియాలు. మర లేదు, కొక్కెం లేదు, మోచెయ్యి దాటించి పైకి ఎక్కించుకోవడమే. అక్క సన్నగా ఉంటుంది కాబట్టి సులువుగా ఎక్కాయి. సంగతి తెలిసి అక్కకు కాబోయే అత్తగారు మురిసిపోయి, పిల్లను ఆ జతతోనే పీటల మీద చూడాలని కబురు పెట్టింది.

పెళ్లినాడు పొద్దున, గులాబీ చీర మీద ఎలా ఉంటుందో చూద్దామని ఒక కడియం నా చేతికి ఎక్కించాను. నా చెయ్యంటే మామూలు చెయ్యి కాదు, రోకలిబండ. ఎక్కడం ఎక్కింది, దిగమంటే దిగదు. సబ్బు రాశాం, నూనె రాశాం, ఇద్దరు పట్టుకుని లాగారు. చెయ్యి వాచి వంకాయ రంగుకు తిరిగింది. ఆ రంగు ఆ ఏడు ఫ్యాషన్‌లో లేదు.

కోయించడమే దారి అంది అమ్మ. బాపమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"నా కడెం మీద ఆకురాయి పడితే నేను పెండ్లికి రాను. కోస్తే దాని చెయ్యి కొయ్యుండ్రి."

ఆమె దృష్టిలో నా విలువెంతో ఆ రోజే తెలిసింది. అయినా అమ్మ నన్ను వెనక గుమ్మం నుంచి నగలు చేసే రాజయ్య మామ దగ్గరికి లాక్కెళ్లింది. కొట్టు మూసి ఉంది. ఆయన చౌరస్తాలోని దీక్షా శిబిరంలో, మెడలో పూలదండతో కూర్చున్నాడు. మా చీరలు చూసి, మద్దతు పలకడానికి వచ్చామనుకుని అందరూ జరిగి చోటిచ్చారు. మామ చెయ్యి లేపమంటే లేపాను. నేను నినాదం ఇస్తున్నాననుకుని శిబిరమంతా జై తెలంగాణ అని మారుమోగింది.

"గిది కోస్తెనే అస్తది. గని ఇయ్యాల దీక్షల కూసున్న. సాయంత్రం నిమ్మరసం తాగేదాంక పనిముట్టు ముట్ట," అన్నాడు మామ.

ముహూర్తం పదకొండున్నరకే అని అమ్మ బతిమాలింది.

"తెలంగాణ కోసం అరవై ఏండ్లు ఆగినం. కడెం కోసం సాయంత్రం దాంక ఆగలేవా చెల్లె?"

చేసేది లేక, అక్క ఒక్క కడియంతోనే పీటలెక్కింది. తోడుపెళ్లికూతురినని నేను పక్కనే, చేతిని కొంగుతో కప్పుకుని నిలబడ్డాను. తలంబ్రాల పళ్లెం అందిస్తుంటే కొంగు జారింది. అక్క అత్తగారు లేచి వచ్చింది. అక్క బోసి చెయ్యి చూసింది, నా చెయ్యి చూసింది.

"గిదేంది, జత ఇడగొట్టిండ్రు?"

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. నా సోకు కోసం దాని పెళ్లి పాడుచేశానే అని నాకు నిజంగా చచ్చిపోవాలనిపించింది. అప్పుడు బాపమ్మ నింపాదిగా గొంతు సవరించుకుంది.

"ఇడగొట్టలేదమ్మా. జత ఒక్కింటికే పోవాలె. గందుకే అక్కచెల్లెండ్లకు చెరొకటి పెట్టినం."

అత్తగారు నన్ను కిందినుంచి పైదాకా చూసింది. ముఖం విప్పారింది.

"గట్లనా. మా చిన్నోడు గూడ పెండ్లికున్నడు మరి."

సాయంత్రానికి వాపు తగ్గి కడియం దానంతటదే జారిపోయింది. కోయాల్సిన పనే లేకపోయింది. కాకపోతే అప్పటికే పెద్దవాళ్లు మాట ఇచ్చిపుచ్చుకున్నారు. నా డిగ్రీ అయిన నెలకే చిన్నోడు నా మెడలో పుస్తె కట్టాడు.

కాబట్టి, ఇద్దరు పిల్లల తల్లినైన నేను పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఇంకెప్పుడూ ఇంకొకరి నగ వేసుకుని చూడను. నాకు ఒక్క మొగుడు చాలు.